ఒక్కడికి సరిపడా కిచిడీ

తాను చావుబతుకుల మధ్య ఉన్నానన్న సంగతి సుధీర్‌కి ఉదయం ఎనిమిదీ పదికి, పచ్చిమిరపకాయలు కోస్తుండగా, వాట్సాప్‌లో తెలిసింది.

"సోదరుడు సుధీర్, తార్నాక. పరిస్థితి విషమం. అందరూ ప్రార్థించండి." చర్చి గ్రూపులో అప్పటికే నలభై ఏడుగురు చేతులు జోడించారు.

సుధీర్ తన నాడి తానే పట్టి చూసుకున్నాడు. బాగానే కొట్టుకుంటోంది. నిజానికి ఆ రోజు అతడు వేసుకున్న పథకం చాలా చిన్నది. గుప్పెడు బియ్యం, అరగుప్పెడు పెసరపప్పు చిన్న కుక్కర్లో పడేసి, ఒక్కడికి సరిపడా కిచిడీ వండుకుని తినాలి. పదకొండింటికి యూనివర్సిటీలో పీహెచ్‌డీ చివరి సెమినార్ ఇవ్వాలి. అది ఇవాళ పూర్తయితేనే సోమవారం కాకినాడలో లెక్చరర్‌గా చేరగలడు. వరంగల్ నుంచి వస్తున్న పరీక్షకుడు బుచ్చిరాములు గారు మళ్లీ దొరికేది ఆరు నెలలకే.

కుక్కర్ మూత బిగించి, ఆ గ్రూపులోనే ఉన్న షారోన్‌కి ఫోన్ చేశాడు. ఆమెదీ అదే చర్చి, అదే ల్యాబ్.

"షారోన్, నాకేం కాలేదు. శుభ్రంగా ఉన్నాను."

"అలాగే అనాలన్నా. విశ్వాసం అంటే అదే."

"విశ్వాసం కాదు తల్లీ, నిజం! ఎవరు పుట్టించారిది?"

"ఎవరో పెట్టింది అందరూ ఫార్వర్డ్ చేస్తున్నారు. మన గైడ్ కాత్యాయని మేడమ్‌కి కూడా చెప్పేశాను. నువ్వు బెంగ పెట్టుకోకు, సెమినార్ వాయిదా వేస్తున్నారు."

సుధీర్ అదిరిపడి కళ్లు నులుముకున్నాడు. మిరపకాయలు కోసిన చేత్తోనే.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని ఇంటి ఓనరు అమృతమ్మ వచ్చింది. "బిడ్డా, మీ అమ్మ ఫోన్ చేసింది. ఎట్లున్నవో చూసి చెప్పమన్నది."

ఆమెకు కనిపించింది ఎర్రటి కళ్లతో, కారే నీళ్లతో, గోడ తడుముకుంటూ కుళాయి వెతుక్కుంటున్న కుర్రాడు. చూసింది చూసినట్టే ఫోన్లో చెప్పింది. "అమ్మా, పోరనికి కండ్లు కనవడ్తలేవు! గోడ పట్టుకొని నడుస్తున్నడు!"

అయిదు నిమిషాల్లో గ్రూపులో రెండో సందేశం దిగింది. "చూపు కూడా పోయింది. ప్రార్థన ఆపకండి."

మేడమ్‌కి ఎన్నిసార్లు చేసినా ఎంగేజే. మూడో కూత రాగానే సుధీర్ స్టవ్ ఆపి, కుక్కర్‌ను తువ్వాలులో చుట్టి ఆటో ఎక్కాడు. ఒకటి, ఆకలి. రెండు, వండుకు తినే స్థితిలో ఉన్నానని చెప్పడానికి అంతకంటే మంచి రుజువు దొరకలేదు.

డిపార్ట్‌మెంట్ ముందు బుచ్చిరాములు గారు కాచిగూడ స్టేషన్‌కి వెళ్లే కారులో ఒక కాలు పెట్టేశారు. సుధీర్ ఆటోలోంచి దూకాడు.

"నువ్వు నడుస్తున్నావేంటయ్యా!" అని కాత్యాయని మేడమ్ నోరు తెరిచింది.

"కంట్లో కారం పడింది మేడమ్, అంతే. నేను బాగున్నాను."

"మరి ఆ మూటేంటి?"

"కిచిడీ."

మేడమ్ ముఖం వాడిపోయింది. "కిచిడీ తింటున్నావా? అయ్యో, అయితే నిజమేనన్నమాట."

కారులోని కాలు కిందికి దిగింది. "ఏంది మేడమ్, కిచిడీ తింటే పేషెంటెట్లయితడు?" అన్నారు బుచ్చిరాములు. "నేను గీడ చదువుకున్నప్పుడు దోస్తుల ఇండ్లల్ల పొద్దుగాల కిచిడీ, దాని మీదికి చింతపండు ఖట్టా అంటే పండుగే. నాలుగింటికి లేచి బయల్దేరిన, కడుపుల ఏం లేదు. ఏయ్ బాబు, మూత తియ్యి!"

ఒక్కడి కోసం వండిన కిచిడీలో ముప్పావు వంతు ఆయనే తిన్నారు. ఉప్పు తక్కువున్నదని తింటున్నంతసేపూ అంటూనే ఉన్నారు. మేడమ్ అనుమానంగానే రెండు చెంచాలు రుచి చూసి, మూడోది అడిగింది. సుధీర్‌కి అడుగున అంటుకున్నది మిగిలింది. అయితేనేం, పదకొండింటికి సెమినార్ మొదలైంది, పన్నెండున్నరకి కాగితాల మీద సంతకాలు పడ్డాయి.

బయటికి వచ్చేసరికి వరండాలో అమ్మ, నాన్న. మౌలాలి నుంచి వచ్చి, మూడు ఆసుపత్రులు వెతికి, చివరికి ఇక్కడికి చేరారు. అమ్మ కొడుకును తల నుంచి పాదాల దాకా తడిమి చూసి, కొంగు నోట్లో కుక్కుకుంది.

"నాన్నా, ఆ మెసేజ్ మొదట పెట్టినవాడెవడో తెలియాలి నాకు. వాణ్ని వదలను," అన్నాడు సుధీర్.

సుధీర్ నాన్న, రిటైర్డ్ హెడ్మాస్టర్ ఏసురత్నం, కళ్లజోడు తీసి నెమ్మదిగా తుడుచుకున్నారు.

"నేనేరా. పొద్దున మీ అమ్మ నీతో ఫోన్ మాట్లాడి మంచం మీద కూలబడింది. ఏమైందే అంటే, 'వాడు కిచిడీ వండుకుంటున్నాడండీ, ఒక్కడికే' అంది. మనింట్లో కిచిడీ రెండేసార్లు వండారు. మీ తాతయ్యకి టైఫాయిడ్ వచ్చినప్పుడోసారి, ఆయన పోయే ముందురోజు ఇంకోసారి. నన్నేం అనుకోమంటావు? సరే, నువ్వు బాగయ్యావని ఇప్పుడే గ్రూపులో పెట్టేశాను. ఆదివారం చర్చిలో నిలబడి, అందరి ప్రార్థన వల్లే బతికానని సాక్ష్యం చెప్పాల్సింది మాత్రం నువ్వే."