స్లాత్ గారి పరిశీలనలో ఉంది

మనుషుల్ని నడిపేవి చట్టాలని చాలామంది పొరబడుతుంటారు. నడిపేవి దిండు గలేబుల మీది జంతువులు. కొన్నాళ్ళు గుడ్లగూబ ఏలింది. కప్పుల మీద అదే, పెన్సిల్ డబ్బాల మీద అదే, పిల్లల చెడ్డీల మీదా అదే. తర్వాత నక్క వచ్చింది, నక్కని దించి లామా ఎక్కింది. దిగిపోయిన జంతువుకి వీడ్కోలు సభ ఉండదు, దుకాణంలో ఆఖరి అరలో 'ఒకటి కొంటే ఒకటి ఉచితం' అనే బోర్డు మాత్రం పెడతారు. (పదవి పోయిన మనుషులకి ఆ పాటి గౌరవం కూడా లేదు.)

ప్రస్తుతం ఏలుబడి స్లాత్‌ది. చెట్టుకొమ్మకి తలకిందులుగా వేలాడుతూ నిద్రపోయి, మెలకువ వస్తే మళ్ళీ ఎప్పుడు పడుకుందామా అని ఆలోచించే ఆ జీవిని కప్పుల మీద బొమ్మలు అచ్చేసే ఒక కంపెనీకి తెచ్చింది బొమ్మలమ్మాయి. బొమ్మలు గీసే ఉద్యోగం కాబట్టి ఆఫీసులో అందరికీ ఆమె బొమ్మలమ్మాయే. ఆమెకి స్లాత్ అంటే ప్రాణం. "దాన్నెవరూ తొందరపెట్టరు" అనేది అసూయగా. ఆమె స్లాత్ ఎప్పుడూ కళ్ళు మూసుకునే ఉంటుంది. కాస్త కళ్ళు తెరిపించమని మేనేజరు ఎంత బతిమాలినా వినలేదు.

"మేలుకుంటే అది నా స్లాత్ కాదు సార్" అనేసింది.

ఇలా ఉండగా కంపెనీవారు 'చురుకు' అనే యాప్ తెచ్చారు. అందులో ఏ బొమ్మ ఎక్కించాలన్నా 'బొమ్మలో ఉన్నవారి ఉద్యోగి సంఖ్య' అడిగేది. ఆ గడి ఖాళీగా వదిలితే ముందుకి కదలదు. సిబ్బంది వ్యవహారాల అధికారిణి దయగల మనిషి. "సంఖ్యే కదమ్మా, మన సొమ్మేం పోయింది" అని స్లాత్‌కి ఒకటి ఇచ్చేసింది.

మర్నాడే స్లాత్‌కి గైర్హాజరు నోటీసు వచ్చింది. మీ బృంద సభ్యుడికి మీరే జవాబుదారీ అని బొమ్మలమ్మాయికి ఇంకొకటి. చేసేదేముంది? అప్పట్నుంచి రోజూ పొద్దున్నే గుమ్మం దగ్గరి కెమెరాకి ముందు తన మొహం, ఆ వెనకే స్లాత్ బొమ్మ చూపించి లోపలికి వచ్చేది. కళ్ళు మూసుకుని ఉన్నా కెమెరా ఒప్పుకునేది. (పొద్దున పూట సిబ్బంది అందరూ ఇంచుమించు అలాగే ఉంటారు.)

ఏడాది తిరిగేసరికి యాప్ లెక్కలు తీసింది. ఒక్క సెలవు పెట్టని, మీటింగులో ఎదురు చెప్పని, టీకి లేవని ఉద్యోగి కంపెనీ మొత్తానికి ఒక్కరే తేలారు. స్లాత్‌ని విభాగాధిపతిని చేశారు. బొమ్మలమ్మాయి పడీ పడీ నవ్వింది. ఆ నవ్వు అక్క ఫోన్ చేసేదాకా ఉంది.

"ఒసేయ్, రేపు పాపని ఇంటికి తీసుకెళ్ళిపోవచ్చని ఆసుపత్రిలో చెప్పారు. గది గోడమీద నీ బద్ధకం బాబుని గీస్తానన్నావు. ఎప్పుడొస్తావే?"

"రేపే వస్తానక్కా. ఒట్టు."

వారం సెలవుకి దరఖాస్తు పెట్టింది. యాప్ వెంటనే మర్యాదగా జవాబిచ్చింది: 'మీ దరఖాస్తు స్లాత్ గారి పరిశీలనలో ఉంది.'

ఆమె పరుగున మేనేజరు దగ్గరికి వెళ్ళింది. "సార్, అది బొమ్మ సార్!"

"పై అధికారిని అది, ఇది అనకూడదమ్మా."

"నేనే గీశాను సార్!"

"అందరూ అలాగే అంటారు. నన్ను పైకి తెచ్చింది తామేనని మా వీధిలో నలుగురు చెప్పుకు తిరుగుతున్నారు." ఆయన గొంతు తగ్గించాడు. "నా సెలవు కూడా ఆయన దగ్గరే ఆగిపోయిందమ్మా. కాస్త నువ్వే చెప్పి చూడు."

దరఖాస్తు ఆమోదించాలంటే అధికారి కెమెరా ముందు కళ్ళు తెరవాలట. (ఇంతవరకూ ఏ అధికారీ కళ్ళు తెరిచి ఆమోదించిన దాఖలా లేదు, అది వేరే మాట.) బొమ్మలమ్మాయి పెన్సిలు పట్టుకుంది. చేతులు రాలేదు. పాప గుర్తొచ్చి, గుండె రాయి చేసుకుని, ఇన్నాళ్ళూ హాయిగా నిద్రపోయిన ఆ మొహానికి రెండు గుండ్రటి కళ్ళు పెట్టింది. చూస్తే ఆమెకే ఏడుపొచ్చింది. తీసుకెళ్ళి కెమెరాకి చూపించింది.

'క్షమించాలి. వీరు మా స్లాత్ గారు కారు. పై అధికారి వేషం వేయడం నేరం.'

అప్పుడు ఆమెకి ఒళ్ళు మండింది. కొత్త కాగితం తీసుకుని తన మొహమే గీసుకుంది, కళ్ళు మూసుకుని. దాన్నీ పాత స్లాత్ బొమ్మనీ పట్టుకెళ్ళి, పక్క సీటులో రంగులు నింపే పెద్దాయన చేతిలో పెట్టింది.

"బాబాయ్, రోజూ పొద్దున్నే ఈ రెండూ కెమెరాకి చూపించండి. తర్వాత నన్ను నా కుర్చీలో ఆనించండి."

"చంపావు పో! పట్టుకుంటే నా గతేంటే తల్లీ?"

"పట్టుకోవాలంటే ఎవరో ఒకరు కళ్ళు తెరవాలి కదా బాబాయ్."

వారంపాటు ఆమె అక్క ఇంట్లో గోడమీద కొమ్మ గీసింది, కొమ్మకి స్లాత్‌ని వేలాడదీసింది. ఎవరూ తొందరపెట్టలేదు. పాప దానికింద ఒళ్ళెరక్కుండా పడుకుంది. "సెలవెలా ఇచ్చారే?" అని అక్క అడిగితే, "ఇంకా పరిశీలనలో ఉందక్కా" అని చెప్పి రంగు కలుపుకుంది.

తిరిగొచ్చిన రోజు పొద్దున్నే యాప్‌లో ఆమెకి ప్రశంసాపత్రం వచ్చి ఉంది. 'గత వారం మీ పనితీరు ఎంతో మెరుగుపడింది. సీటు వదల్లేదు, మీటింగులో మాట్లాడలేదు. ఇలాగే కొనసాగండి.'

చదువుతుంటే మేనేజరు అటుగా వచ్చి, ఆమె మొహంలోకి ఆదుర్దాగా చూశాడు.

"ఏమ్మా, వారమంతా బాగానే ఉన్నావుగా. ఇవాళేంటి, మనిషివి అలా అయిపోయావు?"