బుట్టచేతుల రవికలో బెల్టు ఫిట్టరు

గోదావరిఖని కాలనీలో లింగమూర్తికి తెలియని పని లేదు. చేతనైన పని మాత్రం ఒక్కటే: గని మీద తెగిన కన్వేయరు బెల్టులు అతికించడం. ఆ ఒక్క విద్యతో లోకంలోని పనులన్నింటికీ వంకలు పెట్టేవాడు. "బెల్టు తెగాలె గని నా జాయింటు ఇడువది" అని మీసం మీద చెయ్యి వేసేవాడు.

ఆ ఆదివారం పొద్దున్నే భార్య రాజకుమారి సూదీ దారం పట్టుకుని కూర్చోవడం చూసి అతనికి ఒళ్లు మండింది. వాళ్ల నాయనమ్మ పాత ఫోటోలో ఉన్నటువంటి బుట్టచేతుల రవికను ఆమె చేత్తో కుడుతోంది. సాయంత్రం కాలనీ హాల్లో ఆడవాళ్లు పాతకాలపు బట్టలు కట్టుకుని స్టేజీ ఎక్కుతారు. పెళ్లిపీటలు దిగాక రాజకుమారి మళ్లీ నలుగురి ముందు నిలబడబోయేది ఈరోజే.

"ఇంట్ల మిషిను దుమ్ము వట్టవట్టె, చేతితోని కుట్టుడేంది? రేపు బొగ్గు గూడ గోళ్లతోని తవ్వుమంటవా?"

"మిషిను బుట్టను తొక్కి అప్పడం జేస్తది. పక్కకు జరుగు, ఎలుగుకు అడ్డమొస్తున్నవ్."

"నాటుకోడి తెచ్చిన. పగటీలి బువ్వకు మా గని దోస్తు ముత్యం వస్తడు."

"తెస్తివి. వండినవా?"

లింగమూర్తి ఉలిక్కిపడ్డాడు. మగపుట్టుక పుట్టినవాణ్ని ఇంత మాట అనవచ్చునా?

"ఒక్క చెయ్యి కుట్టుడున్నది. అదిగాంగనే వండుత. అందాక ఉల్లిగడ్డలు కొయ్యి" అని ఆమె పూసల కోసం వెనక వరుసలోని మెహరాజ్ బేగం ఇంటికి వెళ్లింది.

ఉల్లిగడ్డలు కోస్తే కన్నీళ్లొస్తాయి. రవిక చెయ్యి అతికితే కోడి పొయ్యి ఎక్కుతుంది. లింగమూర్తి బుర్రకు ఈ రెండో దారే సులువనిపించింది. బెల్టులు అతికించే రబ్బరు సొల్యూషను డబ్బా మూత తీశాడు. కుట్టాల్సిన చెయ్యిని రవికకు ఆనించి, చంక దగ్గర పూశాడు. హుక్కులు కుట్టలేదు గదా అని, పనిలో పనిగా ముందు అంచులకూ పట్టించాడు.

బెల్టు పనిలో ఒక పద్ధతుంది. సొల్యూషను పూసిన జాయింటును ఆరేదాకా బిగువుగా లాగి పట్టాలి. రవికను దేని మీద లాగి పట్టడం? చొక్కా, బనీను విప్పి తనే తొడుక్కున్నాడు. ఇన్నేళ్లుగా భార్య వండిపెట్టగా వచ్చిన ఒళ్లు రవికకు అచ్చంగా సరిపోయింది. ముందు అంచులు కలిపి, రొమ్ము విరుచుకుని కూర్చున్నాడు.

ఆ పూట ఆ ఇంట్లో చిత్తశుద్ధితో పనిచేసింది సొల్యూషను ఒక్కటే. విప్పబోతే రవిక రాలేదు. రొమ్ము మీది వెంట్రుకలు వచ్చాయి.

"రాజన్నా, కాపాడు తండ్రీ!"

ఏ సోమవారమూ ఒక్కపొద్దు ఉండనివాడు పిలిస్తే వేములవాడ నుంచి దేవుడు పరుగున రావాలా? ఏమో, రాలేదు. ముత్యం వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి కిందికీ మీదికీ చూశాడు.

"వదినా, అన్న యాడికి వోయిండు?"

"నవ్వకురా! జెర్ర ఇడిపియ్యి."

"ఎట్ల ఇడుస్తదే? నీ జాయింటాయె!"

అంతలో రాజకుమారి, ఆమె వెనక మెహరాజ్ బేగం వచ్చారు.

"యా అల్లా! నీ రైకకు మీసాలు మొలిచినయే!" అంది బేగం.

రాజకుమారి నవ్వలేదు. ముందు భాగమంతా పాకిన మరకలు చూసి ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక సాయంత్రం స్టేజీ లేనట్టే.

"నీ కోసమేనే..." అన్నాడు లింగమూర్తి.

"నా కోసమా, కోడి కోసమా?"

ఆమె కళ్లు తుడుచుకుని కత్తెర తీసింది.

"నన్ను కోస్తవా?"

"రైకను కోస్తున్న. గదే నా బాధ."

అతుక్కున్న అంచుల మేర నిలువునా కత్తిరించింది. బేగం తన పాత దుపట్టా లేసు ఊడదీసి ఇచ్చింది. "అంచులకు ఇది ఏసి, నాడలతోని ముడేద్దం. పాతకాలం షోకు గిదే గదా!"

చంక దగ్గరి అతుకును కూడా మరక పోయేదాకా కత్తిరించి, అతని ఒంటి మీదే మళ్లీ కుట్టారు. లింగమూర్తి చేతులు చాపి నిలబడ్డాడు.

"అబ్బా! గుచ్చుకున్నదే!"

"ఎర్కే. నేనే గుచ్చిన."

వంటింట్లో ముత్యమే కోడి వండాడు. తొడముక్క చేత పట్టుకొచ్చి, లింగమూర్తి ఎదురుగా కూర్చుని తిన్నాడు.

సాయంత్రం హాల్లో ఆడవాళ్లు ఆ రవిక చుట్టూ మూగారు. ముందు నాడల ఆలోచన ఎవరిదని అడిగారు. రాజకుమారి మైకు అందుకుంది.

"మా ఆయనదే! ఆయన ఒంటి మీదనే కుట్టిన. మనిషి మీద కుడితె బుట్ట మంచిగ నిలవడ్తది. మీరు గూడ కుట్టుకుంటె చెప్పుర్రి, డ్యూటీ దిగినంక ఆయన ఖాళీగనే ఉంటడు."

చప్పట్లు మోగాయి. వెనక వరుసలో రొమ్ము గోక్కుంటున్న లింగమూర్తి, పొగుడుతున్నారనుకుని లేచి దండం పెట్టాడు.

మర్నాడు డ్యూటీ నుంచి వచ్చేసరికి గుమ్మం ముందు కాలనీ ఆడవాళ్లు, వాళ్ల చేతుల్లో సగం కుట్టిన రవికలు.

"చేతులు చాపు అన్నా. కదలకు."

చాలాసేపటికి అతను వంటింటివైపు చూసి దీనంగా అన్నాడు: "జెర్ర చాయన్న పోయవే."

"ఒంటినిండ సూదులు గుచ్చిర్రు గదయ్యా" అంది రాజకుమారి, తన చాయ్ తను చప్పరిస్తూ. "ఇప్పుడు తాగితె కారిపోతవ్."