వానల పిన్ని పాయింటు రెండు విజయము

వర్షర్తువు వచ్చి, ఎవరిని పలకరింపకయే వెళ్ళిపోయి, మేఘమండలము మంత్రిమండలమువలె ఉరుముటయే గాని కురియుట మరచిన కాలమున. రాజధానీమహాసభయందు గీతల జెండా పక్షమువారు "వాతావరణము మారలేదు, మారినది మీ బుద్ధి" అనియు, చుక్కల జెండా పక్షమువారు "వాతావరణము మారినది, మారవలసినది మీ ప్రభుత్వము" అనియు బల్లలు విరుగ గ్రుద్దుకొనుచుండగా. ఆ బల్లల చప్పుడు రేడియోలో తప్ప వినరానంత దూరమున, ఎండుచున్న నిమ్మచెట్లు నూటపది, డొక్కలు తేలిన ఆవులు రెండు, రేకుల షెడ్డు ఒకటి, ఉప్పునీళ్ళ బోరు ఒకటి గల ఆరెకరముల తోటలో, ఉదయము ఎనిమిది గంటల పదునేను నిమిషములకు, ఒక వీరాంగన చెప్పులు వెదకుకొనుచుండెను.

ఆమె వానల పిన్ని. పెద్దలకు, పిన్నలకు, పాలు కొననివారికి సైతము ఆమె పిన్నియే. ఇరువది యేండ్లుగా ఆ తోట మూలనున్న వర్షమాపకమునకు, అనగా పైన గరాటు, లోన సీసా గల ఒక రేకుడబ్బాకు, ఆమె ఏకైక సంరక్షకురాలు. ప్రతిదినము ఎనిమిదిన్నరకు సీసాలోని నీటిని గాజుజాడీలో పోసి, గీత చూచి, నోటుపుస్తకమున వ్రాసి, ఎనిమిది నలువదిలోగా ఆ అంకెను ఫోనులో వాతావరణ కార్యాలయమునకు పంపవలెను. మోకాలికి ఆపరేషను జరిగిన మరునాడు సైతము కుర్చీతో సహా మోయించుకొని వచ్చి సున్నా వ్రాసిన ధీరురాలామె. ఆ పుస్తకమున ఖాళీ గడి లేదు. అబద్ధపు అంకె అసలే లేదు.

అట్టి అంకెకు ఆనాడు ఎక్కడలేని గిరాకీ వచ్చినది. రెండున్నర మిల్లీమీటర్లు పడిన గాని అది వానరోజు కాదని శాసనము. వానరోజు లేక వరుసగా అరువది దినములు గడచినచో ప్రభుత్వము కరువు ప్రకటించి, పశుగ్రాసమును, నీళ్ళ ట్యాంకర్లను పంపవలెనని మరియొక శాసనము. నిన్నటికి ఏబదితొమ్మిది. ఏబదితొమ్మిదియు సున్నాలే.

ముందునాటి సాయంకాలము గీతల జెండా కార్యకర్త ఫోను చేసెను.

"పిన్నీ, కొంచెం చూసి రాయండి. ఒక్క మూడు వేశారంటే మూడు తరాలు గుర్తుపెట్టుకుంటాం."

ఆ ఫోను పెట్టిన వెంటనే చుక్కల జెండావాడు.

"పిన్నీ, సున్నాకి తగ్గొద్దు. 'అరవై సున్నాల పాలన' అని బ్యానర్లు కొట్టించేశాం. పెద్ద సైజువి."

"డబ్బాలో ఏముంటే అది రాస్తాను. పొయ్యి మీద పాలున్నాయి, పెట్టెయ్యండి," అని ఆ రాజనీతిజ్ఞురాలు ఉభయపక్షములకును ఒకే సమాధానము చెప్పెను.

అయితే ఆనాటి తెల్లవారుజామున షెడ్డు రేకులపై టపటపమని కొన్ని చినుకులు పడినవి. నిద్రలోనే లేచి కూర్చున్న పిన్ని, కరువైనను, గ్రాసమైనను, ఏ జెండా గెలిచినను, ముందు వాన రావలెనని కోరుకొనెను. ఆ కోరికతోనే పాలు పితికెను, ఆ కోరికతోనే చెప్పులు వెదకెను. చెప్పులు దొరికినవి.

"గొడుగు తీసుకెళ్ళవే, హెడ్మాస్టరు మంచి కోపంమీదున్నాడు," అని లోపలినుండి భర్త హెచ్చరించెను. ఆయన ఆసుపత్రిలో ముప్పది యేండ్లు కంపౌండరుగా మందులు పోసి విరమించిన మహానుభావుడు. ఉదయమే గుమ్మములో జారితినని చెప్పి, పిక్కకు కట్టు కట్టుకొని, అద్దము ముందు నిలిచి తల దువ్వుకొనుచుండెను.

హెడ్మాస్టరనగా మనుష్యుడు కాడు. చేతులు వెనుకకు కట్టుకొన్నట్లు నడచు పెద్ద తెల్లబాతు. శ్వేతపక్షధారి, దీర్ఘకంఠుడు, పిక్కలకు యముడు. పాలను నీళ్ళను వేరుచేయునని కవులు పొగడిన హంసవంశమునకు దూరపు చుట్టము. ఇతడు మాత్రము రెంటినీ త్రాగి గిన్నెను తన్నువాడు. వర్షమాపకము చుట్టునున్న నాలుగడుగుల నేల తన జాగీరని ఇతని నిశ్చయము. కొలిచిన వాననీటిలో ఒక గుక్కెడు సుంకముగా చెల్లించిన గాని ఎవరిని తిరిగి పోనీయడు. ఏబదితొమ్మిది దినములుగా సుంకము లేదు. కోపమునకు కారణము చాలును.

గొడుగు విచ్చుకొనెను. శత్రువును గాంచి హెడ్మాస్టరు మెడ చాచి, రెక్కలు విప్పి, "ఓసి సాహసురాలా! నా పూర్వులు సరస్వతిని మోసినవారు. నీవు ఒక గాజుజాడీని మోయుచు నా సీమలో అడుగిడెదవా? నీ పిక్కల క్షేమము కోరుదువేని మరలిపొమ్ము!" అని గర్జించెను. పైకి వినిపించినది మాత్రము "గ్యాక్".

"పోరా, నీ మొహం! రోజూ ఉన్నదేగా నీకూ నాకూ," అని పిన్ని బదులు పలికెను.

అంతట ఘోరసంగ్రామము. బాతు ఎడమకు దూకిన గొడుగు ఎడమకు, కుడికి దూకిన కుడికి. ముక్కు తగిలి గొడుగు బట్ట చిరిగినది, చిరుగులోనుండి మెడ లోనికి వచ్చినది, వచ్చిన మెడను పిన్ని మోచేత అదిమి, ఒంటిచేత గరాటు తీసి, సీసా పైకెత్తి, గెంతుచునే జాడీలో పోసెను. ఒక్క చుక్క నేల పాలు కాలేదు. జాడీని కంటికి సమముగా ఎత్తి చూచెను.

మూడు గీత దాటి, ఇంకొక సన్నగీత. మూడు పాయింటు రెండు!

మరల చూచెను. అంతే. వానరోజు! పిన్నికి కన్నులు చెమర్చినవి. వానరోజైనచో గ్రాసము రాదు, అయినను ఆ క్షణమున ఆమెకు గ్రాసము గుర్తుకు రాలేదు. నిమ్మచెట్లవైపు తిరిగి, "పడిందే, పడింది," అని చెప్పుకొనెను.

"ఇదుగో, నీ బాకీ," అని జాడీని హెడ్మాస్టరు ముందుంచెను. ఆ పక్షిరాజు ఒక గుక్క పట్టి, ఆగి, తల విదిలించి, ఆ గుక్కను పిన్ని చెప్పుపై ఉమిసి, మోసపోయినవానివలె ఆమె ముఖము వంక చూచెను.

పిన్ని నేల వంక చూచెను. దుమ్ములో ఆవగింజలు చల్లినట్లు అక్కడక్కడ చినుకు గుంటలు, అంతే. మూడు మిల్లీమీటర్లు పడిన నేల అట్లుండదు. జాడీలో వేలు ముంచి నాలుకపై పెట్టుకొనెను. ఉప్పు. తమ బోరు ఉప్పు.

సమయము ఎనిమిది ముప్పదిరెండు.

"ఏమండీ!"

ఆ పిలుపునకు నిమ్మచెట్లపై మిగిలిన పిట్టలు కూడ లేచిపోయినవి. అద్దము ముందు కంపౌండరు, "వేదికనలంకరించిన పెద్దలకు, ప్రకృతిమాతను కంటిపాపవలె కాపాడుచున్న మన నాయకునకు" అని ఉపన్యాసము వల్లించుచుండగా, జాడీ చేత పట్టిన పిన్ని గుమ్మములో నిలిచెను.

"ఆ పిక్క ఎక్కడ జారిందండీ? గుమ్మంలోనా, డబ్బా దగ్గరా?"

కంపౌండరు దువ్వెన క్రింద పెట్టెను.

"నువ్వు పాలు పితుకుతున్నప్పుడు... ఒక్కరోజే కదే. వాతావరణ సలహా సంఘంలో వేస్తామన్నారు గీతలవాళ్ళు. స్టేజి మీద కుర్చీ. ముప్పై ఏళ్ళు నిలబడే పనిచేశాను, ఎవడైనా కూర్చోమన్నాడా?"

పిన్నికి కోపము వచ్చినది. కోపము వెనుక ఏడుపు వచ్చినది.

"నిజంగా వానే అనుకున్నానండీ. చెట్లకి కూడా చెప్పాను."

కంపౌండరు తల వంచుకొనెను. ఆ మాట బాతు కాటుకన్న లోతుగా దిగినది. గోడ గడియారము ఎనిమిది ముప్పదియారు చూపినది. కలిసిన నీటిలో వాన ఎంత? తెలియదని వ్రాసినచో ఇరువది యేండ్లలో మొదటి ఖాళీ గడి. మూడు పాయింటు రెండనినచో మొదటి అబద్ధము.

"ఎంత పోశారు? సుమారుగా చెప్పండి."

అప్పుడు కంపౌండరు తల ఎత్తెను. నేరము ఒప్పుకొనునప్పుడు కలుగని పౌరుషము ఆ ఒక్క మాటకు కలిగినది.

"సుమారా? ఎవరితో మాట్లాడుతున్నావ్? మందు పోసిన చెయ్యి ఇది! నీ పాత జాడీలో, కంటికెదురుగా పట్టుకుని, సరిగ్గా మూడు గీతకి పోశాను. చుక్క ఎక్కువ లేదు, చుక్క తక్కువ లేదు. కావాలంటే ఒట్టు!"

చేసినది మోసమే గాని, కొలత మాత్రము సత్యము. మూడు పాయింటు రెండులో మూడు పోగా పాయింటు రెండు. ఆకాశము తన చేతులారా ఇచ్చినది అంతే. పిన్ని పుస్తకము తెరచి, సున్నా వ్రాసి, చుక్క పెట్టి, రెండు వ్రాసి, ఎనిమిది ముప్పదితొమ్మిదికి పంపెను.

ముందుగా ఫోనులో గీతలవాడు. "పాయింటు రెండేంటి పిన్నీ, వానరోజు కాలేదుగా! కరువు ప్రకటించాల్సొస్తుంది!"

వెనువెంటనే చుక్కలవాడు. "ఆ పాయింటు రెండు ఎందుకు పిన్నీ, బ్యానర్లన్నీ పాడైపోయాయి! ఆ రెండు చుక్కలు వదిలెయ్యలేరా?"

"పడిన వాన పడలేదని ఎలా రాయను బాబూ? పడని వాన పడిందని ఎలా రాయను?" అని పిన్ని ఫోను కట్టివేసెను. మధ్యాహ్నమునకు రేడియో కరువు వార్త చెప్పెను. రాజధానీసభ మాత్రము పాయింటు రెండు వాన యెవరి హయాములోనిదను ప్రశ్నపై రెండు గంటలు పోరి, టిఫినుకు వాయిదా పడెను.

ఆ తరువాత పిన్ని వంటింటి కుర్చీని స్వయముగా మోసుకొని వెళ్ళి వర్షమాపకము ప్రక్కన వేసెను.

"కుర్చీయే కదా మీక్కావాల్సింది. రండి, కూర్చోండి. రేపు ఎనిమిదిన్నరదాకా ఈ డబ్బాకి మీరే సలహా సంఘం."

కంపౌండరు వెళ్ళి కూర్చుండెను. ఎదుట అధ్యక్షస్థానమున హెడ్మాస్టరు రెక్కలు సర్దుకొని, ఆయన రెండవ పిక్కను పరిశీలించుచుండెను.

కావున లోకులారా, వినుడు! రెండు జెండాలు, ఒక బాతు, ఒక మొగుడు కలిసి కదలింపజాలని ఆ పుస్తకమున, మిల్లీమీటరులో అయిదవ వంతు సత్యము, ఒక్క చుక్క ఒలుకక, విజయము గాంచినది!