పొయ్యెక్కిన దిమ్మ

ఆ రోజు అల్లుడి ప్రణాళిక చాలా చిన్నది. ఆరింటికి లేవాలి, స్నానం చేయాలి, అద్దం ముందు ఉపన్యాసం మూడుసార్లు అప్పజెప్పుకోవాలి, తొమ్మిదిన్నరకల్లా ఉక్కు కర్మాగారం చేరాలి, పదింటికి తన యంత్రం చూపించి పదిన్నరకు చప్పట్లు కొట్టించుకోవాలి. పదిన్నర తర్వాత ఏం చేయాలో అతను ఆలోచించలేదు.

యంత్రం రెండేళ్ల కష్టం. చూడటానికి ఇస్త్రీపెట్టెకు తోక తగిలించినట్టు ఉంటుంది. దాని కడుపులో రాగితీగ చుట్ట ఉంది. ఉక్కు కడ్డీకి ఆనిస్తే అయస్కాంత శక్తిని లోపలికి పంపి, ఉక్కు దానికి ఎలా స్పందించిందో చూసి, లోపలి సూక్ష్మనిర్మాణం బాగుందో లేదో చెప్పేస్తుంది. కోయనక్కరలేదు, గీయనక్కరలేదు. ముందుగా దాన్ని ఒక నమూనా దిమ్మకు ఆనించి "మంచి ఉక్కంటే ఇదీ" అని నేర్పాలి, అంతే. ఆపైన దిమ్మను పోలినదానికి పచ్చదీపం, పోలనిదానికి ఎర్రదీపం. ఈ రోజు గట్టెక్కితే దాన్ని కడ్డీలు తయారయ్యే వరుస మీద శాశ్వతంగా బిగిస్తారు. లేకపోతే యంత్రం సామాన్ల గదికీ, అల్లుడు లారీలు తూచే గదికీ వెళ్లాలి. మేనేజరు ఈ మాట నవ్వుతూనే చెప్పాడు కానీ, బదిలీ కాగితం టైపు చేయించి సొరుగులో పెట్టుకున్నాడు.

ప్రతిపక్షం ఇంట్లోనే ఉంది. మామగారు అదే కర్మాగారం ప్రయోగశాలలో కోత మేస్త్రి. ముప్పై నాలుగేళ్లుగా ఉక్కును రంపంతో కోసి, అద్దంలా నునుపు చేసి, మైక్రోస్కోపు కింద పెట్టి దాని మంచిచెడ్డలు చెబుతున్నారు. మోకాలి నొప్పి ముదిరాక, పనికి దగ్గరని కూతురింట్లో ఉంటున్నారు. ఆయనకో నియమం ఉంది. గేటు బయట "అల్లుడూ", గేటు లోపల "సార్". అభిప్రాయం మాత్రం రెండు చోట్లా ఒక్కటే.

"కోయకుండా లోపల ఏముందో చెప్పడమేంటి అల్లుడూ, జోస్యమా?"

"డాక్టరు మీ మోకాలు కోసి చూశాడా మామయ్యా? ఎక్స్‌రే తీశాడుగా!"

"తీశాడు. తగ్గిందా?"



మెరుగు పెడదామని ముందురోజు ఇంటికి తెచ్చుకున్న నమూనా దిమ్మను అల్లుడు వంటింటి బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్లాడు. దిమ్మ సబ్బుబిళ్లంత ఉంటుంది. తలంటుకుని, బట్టలు ఇస్త్రీ చేసుకుని బయటికొచ్చేసరికి, మామగారు మోకాలి మీద గుడ్డమూటతో కాపడం పెట్టుకుంటూ కళ్లు మూసుకుని "ఆహా" అంటున్నారు. అల్లుడికి అవేమీ పట్టలేదు. ఉపన్యాసంలో "మహాశయులారా" దగ్గర చెయ్యి ఎత్తాలా వద్దా అన్నదే అతని బాధ. మూడుసార్లు అప్పజెప్పి వచ్చి చూస్తే దిమ్మ తళతళలాడుతూ తన పెట్టెలో ఉంది. కాస్త వెచ్చగా తగిలింది. ఉత్సాహానికి తన చెయ్యే వేడెక్కిందనుకున్నాడు.

పదింటికి అందరూ కడ్డీల గోదాములో చేరారు. మేనేజరును వెనకాల అందరూ "అర్జెంటు" అంటారు. ఆయన కాఫీ కూడా అర్జెంటుగానే తాగి నోరు కాల్చుకుంటాడు. లారీ స్ప్రింగులు తయారు చేసే సంస్థ నుంచి కొనుగోలు అధికారిణి వచ్చింది. ఆవిడ ఏం చెప్పినా "ఊఁ" అని చిన్న పుస్తకంలో రాసుకుంటుంది. ఏం రాసుకుంటుందో ఎవరికీ తెలియదు. బయట ఆవిడకు పంపాల్సిన సరుకుతో లారీలు బారులు తీరి ఉన్నాయి.

అల్లుడు చెయ్యి ఎత్తి "మహాశయులారా" అని, యంత్రాన్ని దిమ్మకు ఆనించి పాఠం నేర్పి, మొదటి కడ్డీకి ఆనించాడు. ఎర్రదీపం. నవ్వి రెండోదానికి ఆనించాడు. ఎరుపే. ఇరవయ్యో కడ్డీ దగ్గర నవ్వడం మానేశాడు.

"ఊఁ," అంది ఆవిడ.

"సరుకంతా పాడేనా?" మేనేజరు గొంతు కీచుమంది. "లారీలు ఆపండి! అర్జెంటుగా!"

లారీలు ఆగాయి. కిందటి వారం సరుకు చూశారు, ఎరుపు. కిందటి నెలది చూశారు, ఎరుపు. మేనేజరు కొలిమి ఆపించాడు. కొలిమి ఆగాక పనివాళ్లు ఊరికే ఉండలేక యంత్రం చుట్టూ మూగారు. ఒకడు క్రేను కొక్కెం చూడమన్నాడు. దానికీ ఎర్రదీపమే. అంతే, క్రేను నడిపేవాడు మోస్తున్న బరువును గాల్లోనే ఆపేసి, నిచ్చెన దిగి వచ్చేశాడు. మేనేజరు కుర్చీకి ఆనిస్తే దానికీ ఎరుపే. ఆయన నిప్పు తొక్కినవాడిలా లేచాడు. పై అంతస్తుకు వెళ్లే ఇనుప మెట్లకూ ఎర్రదీపం వెలిగేసరికి, పైనున్న గుమాస్తాలు దిగబోమని మొండికేశారు.

"మా భోజనాల సంగతేంటి సార్?" అని పైనుంచి కేకేశారు.

"విసిరిస్తాం! అర్జెంటుగా!" అన్నాడు మేనేజరు.

ఇంతలో క్యాంటీను వంటమనిషి తన పెనం పట్టుకొచ్చాడు. "దీన్నీ చూడండి బాబూ, పాతికేళ్లది."

అల్లుడు నీరసంగా ఆనించాడు. పచ్చదీపం! గోదాము దద్దరిల్లేలా చప్పట్లు మోగాయి. అల్లుడు కోరుకున్న చప్పట్లే, కాకపోతే పెనానికి. వంటమనిషి ఉప్పొంగిపోయి పొయ్యి ఊచలు, పట్టకారు కూడా తెచ్చాడు. అన్నింటికీ పచ్చదీపమే.

"మనం ఇన్నాళ్లూ చేసింది ఉక్కే కాదు, ఆ పెనం చేసినవాణ్ని పిలిపించండి," అని మేనేజరు, సొరుగులోంచి తెచ్చి జేబులో పెట్టుకున్న బదిలీ కాగితం బయటికి తీశాడు.

అప్పుడు అల్లుడి చూపు, గోదామును ఆనుకునే ఉన్న ప్రయోగశాలలో రంపం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ మామగారి మీద పడింది. కడుపులో మంట మాటయింది. "మీరు కోరుకున్నదే జరిగిందిగా మామయ్యా! ఇప్పుడు చల్లగా ఉందా?"

అందరూ విన్నారు. అన్న మరుక్షణమే అల్లుడికి నాలుక కరుచుకోవాలనిపించింది. పెద్దాయన పెనం వంక చూశారు, పొయ్యి ఊచల వంక చూశారు. చెయ్యి మెల్లగా మోకాలి మీదికి వెళ్లింది. ఆయన మొహంలో రంగు మారింది.

నోరు మూసుకుంటే చాలు, గెలుపు ఆయనదే. రంపం మళ్లీ రాజ్యమేలుతుంది. ఆయన కుంటుతూ ముందుకొచ్చారు.

"అల్లుడూ," అన్నారు. గేటు లోపల ఆ మాట వినడం అందరికీ అదే మొదటిసారి. "పొయ్యెక్కినవే పాసవుతున్నాయి చూశావా? నీ దిమ్మ కూడా పొయ్యెక్కిందేమో. పొద్దున అమ్మాయి నాకు కాపడం దేంతో పెట్టిందో అడుగు."

అల్లుడు ఫోను చేశాడు. భార్య గొంతు అందరికీ వినిపించింది.

"అవునండీ, రోజూ పెట్టే ఇటుక పగిలిపోయింది. బల్ల మీద ఇనప బిళ్ల కనిపిస్తే పొయ్యి మీద పెట్టా. పాలవాడితో మాట్లాడుతూ మర్చిపోయా. నీలంగా కమిలిపోయింది. ఆరనిచ్చి నాన్నకి పెట్టి, మీరు తిడతారని బాగా తోమి, పెట్టెలో సర్దా. తళతళలాడుతోంది కదూ?"

"తళతళలాడుతోంది," అన్నాడు అల్లుడు.

గట్టి ఉక్కును అలా కాలిస్తే మెత్తబడుతుంది. పాపం యంత్రం మెత్తబడ్డ ఉక్కునే మంచి ఉక్కనుకుని, తనకు చెప్పిన పాఠం అక్షరం పొల్లుపోకుండా ఒప్పజెప్పింది. అయితే ఈ మాట నమ్మేదెవరు?

"రుజువు?" అంది అధికారిణి. పొద్దుటి నుంచి ఆవిడ పలికిన మొదటి మాట అది.

మామగారు అల్లుడి వైపు చూశారు. "కోయనా?"

రెండేళ్లుగా పసిపిల్లలా చూసుకున్న దిమ్మ. అల్లుడు కళ్లు మూసుకుని తలూపాడు. రంపం కీచుమంటూ దిమ్మను నడిమికి రెండు చేసింది. ఆయన నునుపు చేసి, ఆమ్లం అద్ది, మైక్రోస్కోపు కింద పెట్టారు. సూదులు సూదులుగా ఉండాల్సిన నిర్మాణం కరిగి, మసకబారి ఉంది. తర్వాత తన సొరుగు లాగి, పాతగుడ్డలో చుట్టిన మరో దిమ్మ తీశారు. నమూనా దిమ్మను కోసిచ్చింది ఆయనే; ప్రతి కోతలో దానికి జతగా ఇంకొకటి దాచడం ఆయన అలవాటు.

"దీని కవలపిల్ల. ఇది పొయ్యి మొహం చూడలేదు. దీంతో నేర్పు."

అల్లుడు దిమ్మ అందుకున్నాడు. "మామయ్యా, ఇందాక నేను..."

"పని చూడు సార్," అన్నారాయన.

కొత్త దిమ్మతో కడ్డీలన్నింటికీ పచ్చదీపం వెలిగింది. పెనానికి మాత్రం ఎర్రదీపం వచ్చింది. వంటమనిషి మొహం మాడ్చుకుని, యంత్రం పాడైందని ప్రకటించి వెళ్లిపోయాడు. క్రేను బరువు కిందికి దిగింది. గుమాస్తాలు ఊపిరి బిగబట్టి ఒక్కొక్కరే మెట్లు దిగారు. కుర్చీది అసలు ఆ జాతి ఉక్కే కాదు కాబట్టి దానికి రెండోసారీ ఎర్రదీపమే వెలిగింది. ఎంత నచ్చజెప్పినా మేనేజరు కూర్చోలేదు.

అధికారిణి పుస్తకం మూసింది. "కడ్డీలు సరే. ఒక ఇంటి పొయ్యి మీద పొద్దున జరిగింది కూడా పట్టేసిందంటే, ఈ యంత్రం ఉన్న చోటే మా సరుకు కొంటాం. కాకపోతే ఒక షరతు. నమూనా దిమ్మలు ఆ మేస్త్రిగారి సొరుగులోనే ఉండాలి."

మేనేజరు నిలబడే సంతకం పెట్టాడు. బదిలీ కాగితం చించేశాడు, అర్జెంటుగా.

సాయంత్రం మామా అల్లుళ్లు ఇల్లు చేరేసరికి భార్య గుమ్మంలోనే ఎదురొచ్చింది. "ఏమండీ, ఆ బిళ్ల మళ్లీ తెచ్చారా? నాన్న నొప్పికి భలే పనిచేసింది."

మామగారు జేబులోంచి రెండు ముక్కలు తీసి బల్ల మీద పెట్టారు.

"అయ్యో, రెండుగా కోసేశారేంటి నాన్నా?"

"మోకాళ్లు రెండు కదమ్మా."