పాత పికప్పు యోగం

సొంత బండి ఉన్నవాడు దాన్ని తానే నడపాలనుకోవడం వట్టి మూఢనమ్మకం. నేనూ చాలాకాలం ఆ అజ్ఞానంలోనే పడి ఉన్నాను. పద్నాలుగేళ్ల వయసున్న సెకండ్‌హ్యాండ్ పికప్పు ట్రక్కు ఒకటి వచ్చి నా కళ్లు తెరిపించింది. అందుకే ఈ వారం నా సలహా ఒక్కటే. ఇంట్లో మంచి కారు ఉంటే వెంటనే అమ్మేసి, ఓ పాత పికప్పు కొనుక్కోండి. ఎందుకో వినండి.

మగవాడికి నలభై తొమ్మిదో ఏట ఒక ఋతువు వస్తుంది. ఆ ఋతువులో ఫోన్‌లో వీడియోలు చూస్తాడు. వాటిలో గడ్డం పెంచిన ఒకాయన పికప్పు వెనక తలుపు దించి, దాని మీద కూర్చుని, కొండల్ని చూస్తూ కాఫీ తాగుతుంటాడు. వెనక టెంటు. పక్కన కుక్క. ఆయనకి ఆఫీసంటూ ఒకటి ఉన్నట్టే కనిపించదు. నాకు గడ్డం సరిగ్గా రాదు, కుక్కంటే భయం. ఇక మిగిలింది పికప్పేగా?

పాత బండ్లు అమ్మే ఆయన్ని అందరూ ఒట్టుగారు అంటారు. ఒట్టు వేయకుండా టైమెంతయిందో కూడా చెప్పరాయన. ఈ బండిని ఒక లెక్కల టీచరుగారు ఆదివారాలు మాత్రమే బయటికి తీసేవారని ఒట్టేసి చెప్పారు. వెనక తొట్టిలో గడ్డకట్టిన సిమెంటు, మూడు రంగుల పెయింటు మరకలు ఉన్నాయి. పాపం, టీచరుగారికి ఆదివారాలు తీరికుండేది కాదు కాబోలు అనుకున్నాను. వారమంతా ఆఫీసుకి, సెలవు రోజున అడవికి, రెండింటికీ ఇదొక్కటే చాలన్నారు ఒట్టుగారు.

నేను ముందు టైరుని కాలితో రెండుసార్లు తన్ని చూశాను. బండ్ల గురించి తెలిసినవాళ్లు అలాగే చేస్తారు. మా ఆవిడ మాత్రం బానెట్ ఎత్తించి, ఆయిల్ చూసే కడ్డీ బయటికి తీసి, వేళ్ల మధ్య ఆయిల్ రాసి చూసుకుని, క్లచ్ ఎప్పుడు మార్చారని అడిగింది. ఒట్టుగారు ఆ ఒక్కసారీ ఒట్టు వేయలేదు, నీళ్లు నమిలారు. నేనే ఆయన్ని గట్టున పడేశాను. మా ఆవిడకి బండ్ల సంగతి తెలియదని, ఏదో అలా అడుగుతూ ఉంటుందని సర్దిచెప్పాను. తాళాలు నా చేతికొచ్చాయి.

రోజువారీ వాడకంలో పాత పికప్పు ఇచ్చే లాభాలు ఇన్నీ అన్నీ కావు. దాని స్టీరింగు తిప్పడమంటే తిరగలి తిప్పడమే. నెల తిరక్కుండా జిమ్ము మానేశాను. ఆఫీసు పార్కింగులో దాని ముక్కు గీత దాటి బయటికొస్తుంది. ఆ ముక్కు వల్ల మేనేజరుగారి కారు ఒక సాయంత్రమంతా ఇంటికి వెళ్లలేకపోయింది. అప్పట్నుంచి దాన్ని ఫర్నిచర్ షాపు వెనక ఖాళీ స్థలంలో ఆపి, ఇరవై నిమిషాలు నడిచి ఆఫీసు చేరేవాణ్ణి. ఒంట్లో షుగర్ తగ్గింది. ఏం మందు వాడుతున్నారని డాక్టరు అడిగితే పికప్పు అన్నాను.

ఇక ఇరుగుపొరుగు ఐకమత్యం! నేను మా అపార్టుమెంటు సెల్లార్లో రివర్సు గేరు వేసేసరికి నలుగురు చేరేవారు. వాళ్లలో ఇద్దరికి మూడేళ్లుగా మాటల్లేవు. బండి వచ్చాక ఒకాయన రమ్మనేవాడు, ఇంకొకాయన ఆగమనేవాడు, మూడో ఆయన ఎడమకి అనేవాడు కానీ ఎవరి ఎడమో చెప్పేవాడు కాదు. సహకరించనిది స్తంభం ఒక్కటే. రెండుసార్లు తగిలాక, అసోసియేషన్ ప్రెసిడెంటుగారు దాని మీద పెద్దక్షరాలతో 'ఇది స్తంభం' అని రాయించారు.

ఇలా ఆరోగ్యం, ఐకమత్యం రెండూ సాధించాక, అసలు లక్ష్యమైన క్యాంపింగు మీద పడ్డాను. ఒక శనివారం పొద్దున్నే మా ఆవిడనీ, అత్తగారినీ ఎక్కించుకుని, టెంటు, మడత కుర్చీలు, స్టవ్వు తొట్టిలో వేసుకుని చెరువు వైపు బయల్దేరాను. అత్తగారికి ఈమధ్యే కంటి ఆపరేషనయింది. కొత్త కళ్లజోడుతో చెట్టూ పుట్టా అన్నీ ఆనందంగా చూస్తున్నారు.

తారు రోడ్డు అయిపోయిన చోట, వీడియోలో ఆయన గొంతు తెచ్చిపెట్టుకుని, అసలు ప్రయాణం ఇక్కణ్ణుంచే మొదలని ప్రకటించాను. సరిగ్గా నలభై అడుగులు సాగింది ఆ ప్రయాణం. చెరువు గట్టు కింది బురదలో బండి కూరుకుపోయింది. నేను ఏమాత్రం తొణక్కుండా నాలుగు చక్రాలూ లాగడానికి ఉండే లివరు లాగాను. వెనక చక్రాలు గిర్రున తిరిగాయి. ముందువి ముందుకన్నా కదల్లేదు, వెనక్కన్నా తిరగలేదు.

మా ఆవిడ డాష్‌బోర్డు సొరుగులోంచి ఒక చిన్న పుస్తకం తీసి చదువుతోంది.

"ఏమండీ, దిగి ముందు చక్రాల మధ్యలో ఉన్న బిళ్లలు తిప్పాలట. అవి తిప్పకపోతే లివరు లాగినా లాభం లేదని రాశారు."

అరవై వీడియోలు చూసినవాడికి పుస్తకంతో పనేమిటన్నాను. యాక్సిలరేటరు నేలకంటా తొక్కాను. బురద ఎగిరి, కిటికీలోంచి వచ్చి అత్తగారి కొత్త కళ్లజోడు మీద పడింది. బండి ఇంకో జానెడు దిగింది. అలా గంటన్నర శ్రమించి, తలుపులు తెరవడానికి కూడా కష్టమయ్యేంత లోతుకి దింపాక, ఆడవాళ్లిద్దరినీ కదలకుండా కూర్చోమని చెప్పి ట్రాక్టరు కోసం నడక సాగించాను.

మూడు కిలోమీటర్ల అవతల ఒక పొలంలో ట్రాక్టరు దొరికింది. పని ఆపుకుని వచ్చాడు ఆ రైతు, పాపం. నేను ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చుని, బండి ఎంత ఘోరంగా ఇరుక్కుందో, దాన్ని లాగడం ఎందుకు మామూలు వాళ్ల వల్ల కాదో దారి పొడవునా వివరించాను.

చెరువు దగ్గరికొచ్చేసరికి బురదలో రెండు లోతైన గాడులున్నాయి. బండి లేదు. అది గట్టు మీద గట్టినేలలో, చెట్టు నీడన నిలబడి ఉంది. పక్కన టెంటు లేచింది. అత్తగారు నా మడత కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నారు.

రైతు ట్రాక్టరు ఆపి గాడుల్ని చూశాడు. గట్టు మీద బండిని చూశాడు. నన్ను చూశాడు.

"ఇరుక్కున్న బండేదండీ?"

అది వెళ్లిపోయినట్టుందన్నాను. మర్యాదస్తుడు, ఇంకేమీ అడగలేదు. మా ఆవిడ ఇచ్చిన టీ తాగి, గ్లాసు కడిగి ఇచ్చి వెళ్లిపోయాడు.

మా ఆవిడ మోచేతుల దాకా అంటిన బురద కడుక్కుంటూ జరిగింది చెప్పింది. బిళ్లలు తిప్పిందట, టైర్లలో కాస్త గాలి తీసిందట, కాళ్ల కింద పరిచే మ్యాట్లు చక్రాల కింద తోసి, రెండో గేర్లో మెల్లగా పైకి తెచ్చిందట. పాలు కాచిన సంగతి చెప్పినంత మామూలుగా చెప్పింది. నీకు డ్రైవింగు వచ్చా అని అడిగాను.

"రెండేళ్లయిందండీ."

మా ఆవిడ రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. రెండేళ్ల క్రితం వాళ్ల వ్యాను డ్రైవరు మానేశాడట. శాంపిళ్లు తెచ్చేవాళ్లు లేక ల్యాబు ఇబ్బంది పడుతుంటే, మధ్యాహ్నం భోజనం టైములో డ్రైవింగు స్కూలుకి వెళ్లి నేర్చుకుందట. అప్పట్నుంచీ వారానికి మూడు రోజులు ఊరవతల క్లినిక్కులన్నీ తిరిగి శాంపిళ్లు తెస్తున్నది తనే. బురదదారులు అలవాటేనంది. పర్సులోంచి లైసెన్సు తీసి చూపించింది. ఫొటోలో నవ్వుతోంది. ఆ నవ్వు నేను చూసి చాలాకాలమైంది.

అత్తగారు కళ్లజోడు తుడుచుకుంటూ అన్నారు. "నన్ను కంటి ఆపరేషన్‌కి తీసుకెళ్లిందీ అదే కదా బాబూ. మీరు ఆ రోజు ఏదో రాసుకుంటున్నారు."

నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"దాచాలని కాదండీ. లైసెన్సు వచ్చిన రోజు చెబుదామని మీ గదిలోకి వచ్చాను. ఆడవాళ్ల డ్రైవింగు మీద మీరు కాలమ్ రాస్తున్నారు. మధ్యలో కదిలించడమెందుకని వెళ్లిపోయాను."

ఆ కాలమ్ నాకు గుర్తుంది. దానికి బోలెడు మెచ్చుకోలు ఉత్తరాలొచ్చాయి.

ఆ సోమవారం నుంచి మా బండి మా ఆవిడే నడుపుతోంది. నన్ను ఆఫీసు దగ్గర దింపి తను ల్యాబుకి వెళుతుంది. సెల్లార్లో ఒక్క ఊపులో రివర్సు చేస్తుంది. పని పోయిన నలుగురూ అలవాటు చావక వచ్చి, చేతులు కట్టుకుని చూసి వెళుతున్నారు. నేను పక్క సీట్లో కూర్చుని లోకాన్ని పరిశీలిస్తాను. రచయితకి ఇంతకన్నా వరం ఏముంటుంది? పాత పికప్పు కొనకపోతే ఈ భోగం పట్టేదా?

మరి ఫిర్యాదేమీ లేదా అంటారేమో. బండి మీద లేదు. దానికి క్లచ్ కూడా మార్పించింది మా ఆవిడ. నన్ను తొలిచేస్తున్నది ఆ రెండేళ్లు. రెండేళ్లంటే నూటనాలుగు వారాలు. ఈ నూటనాలుగు వారాలూ నేను ఇదే చోట, లోకంలో ఎవరికేం తెలియదో మీ అందరికీ వివరించి చెప్పాను. ఒక్క వారమూ సెలవు పెట్టలేదు. ఆ వారాలన్నీ నా ఎదురుగా కూర్చుని భోంచేసిన మనిషి, ఆ రోజు ఎంత దూరం బండి నడిపి వచ్చిందో నాకు తెలియదు. చేతులెందుకు నొప్పిగా ఉన్నాయని కూడా ఎప్పుడూ అడిగిన పాపాన పోలేదు.

నిన్న పొద్దున ఆఫీసుకి వెళుతూ ధైర్యం చేసి అడిగాను, నాకు తెలియనివి ఇంకేమైనా ఉన్నాయా అని. తను రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. రెడ్ లైటు పడింది. గ్రీన్ వచ్చింది. ఫర్నిచర్ షాపు దాటాం. అప్పుడంది:

"ఉండండి, ఎక్కడ మొదలుపెట్టాలా అని చూస్తున్నాను."

ఆఫీసు గేటు కూడా దాటిపోయింది. బండి ఆపమని నేను అనలేదు.