గుమ్మం ముందు ఎనిమిది గుంతలు

గురువారం పొద్దున డ్వైట్ క్లింగర్ వేసుకున్న పథకానికి వంక పెట్టడానికి ఏమీ లేదు. టిఫిన్లు కాగానే వరండా అంచుకు ర్యాంపు బిగించడం మొదలుపెట్టాలి, మధ్యాహ్నానికి ముగించాలి, ఆపైన పిల్లలందరినీ ఊళ్ళోకి తీసుకెళ్ళి ఐస్‌క్రీం పెట్టించాలి. డ్వైట్ ఒహాయోలో పళ్ళ డాక్టరు. ఏటా వేసవిలో ఒక్క వారం మాత్రం తమ చర్చి యువజన బృందాన్ని వ్యానులో ఎక్కించుకుని మా కెంటకీ కొండల్లోకి వచ్చి, ఇల్లు బాగుచేయించుకునే స్తోమత లేనివాళ్ళకు మరమ్మతులు చేసిపెడతాడు. నడుముకు తోలుపట్టీ, దానికి రెండు సుత్తులు, చేతిలో రసమట్టం. ఆ వారమంతా ఆయన్ని డాక్టరుగారూ అంటే పలకడు, మేస్త్రీ అంటే పొంగిపోతాడు. పిల్లలు ఈ సంగతి ఎప్పుడో కనిపెట్టేశారు కనుక, ఐస్‌క్రీం కావాలనిపించినప్పుడల్లా మేస్త్రీ అని పిలిచేవాళ్ళు.

ఈ ఏడు వాళ్ళ వంతుకు వచ్చింది గూస్‌బెర్రీ లోయలోని ఆర్విల్ స్టిడమ్ ఇల్లు. ఆర్విల్ చలికాలం చివర్లో మంచులో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆస్పత్రివాళ్ళు ఆపరేషన్ చేసి, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, ఒకే ఒక్క మాట చెప్పారు. ఇంటికి ర్యాంపు ఉంటే ఇంటికి, లేకపోతే వృద్ధాశ్రమానికి. బతుకంతా ఆ లోయలోనే గడిపిన మనిషి అది వినగానే గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిండి కూడా సగం మానేశాడు.

"సాయంత్రం నాలుగింటికి ఆస్పత్రి బండిలో ఆయన్ని తీసుకొస్తాను నాయనా," అంది ఆయన భార్య వెర్డీ, మేనల్లుడి కారెక్కుతూ. "ఆస్పత్రావిడ కూడా వెంట వస్తుంది. ర్యాంపు తొక్కి చూసి, బాగుంటేనే దించుతుందట. బాగోలేకపోతే అదే బండిలో అటునుంచి అటే ఆశ్రమానికి తీసుకుపోతుందట. అక్కడికి వెళితే ఆయన బతకడు, నాకు తెలుసు."

"మీరు నిశ్చింతగా వెళ్ళిరండమ్మా. మధ్యాహ్నానికల్లా అయిపోతుంది," అన్నాడు డ్వైట్, రసమట్టం ఊపుతూ.

ఇక్కడ మీకొక అనుమానం రావాలి. ఒహాయో నుంచి పళ్ళ డాక్టరు దిగిరావాలా, ఆ లోయలో వడ్రంగే లేడా అని. లేకేం, వాగుకి అవతల కేక వేస్తే వినపడేంత దూరంలో ఉన్నాడు. పేరు హోబర్ట్. ఆర్విల్‌కి సొంత తమ్ముడు. చుట్టుపక్కల అతని చేతికి తిరుగులేదు. కానీ మా లోయలో పిలవకుండా వెళ్ళి ఒకడి ఇల్లు బాగుచేయడమంటే, ఒరేయ్ నీకు చేతకాదురా అని నలుగురిలో అన్నట్టే. పోనీ పిలుద్దామా అంటే, నాకు చేతకాదురా అని తనంతట తాను ఒప్పుకున్నట్టే. అన్న పిలుస్తాడేమోనని తమ్ముడు, తమ్ముడే వస్తాడేమోనని అన్న, వాగుకి అటొకరు ఇటొకరు కూర్చున్నారు. ఊరుకాని ఊరివాళ్ళ సాయం తీసుకోవడంలో నామోషీ లేదు, వాళ్ళు శనివారం వెళ్ళిపోతారు. ఈ పట్టింపులన్నీ పక్కన పెట్టి ఎవరి ఇంటికైనా వెళ్ళగలిగే సందర్భం మా దగ్గర ఒక్కటే ఉంది, ఆ ఇంట్లో ఎవరైనా పోవడం.

డ్వైట్ పని మొదలుపెట్టాడు. వరండా అంచున ఒక చెక్క మెత్తగా తగిలింది. పుచ్చుపన్ను పీకినంత సులువుగా దాన్ని పీకేశాడు. పక్క చెక్క కూడా కదిలింది. దాన్నీ పీకాడు. పుచ్చినది పీకేకొద్దీ పక్కది పుచ్చి కనబడుతోంది, పైగా పీకడం ఆయనకు వృత్తిరీత్యా అలవాటైపోయిన పని. పిల్లలు వరండాలోని ఊగుడు కుర్చీని, బట్టలుతికే మెషీన్ని వాకిట్లోకి మోశారు. కాసేపటికి వరండా మొత్తం ఫెళఫెళమని కూర్చుండిపోయింది. దాన్ని నమ్ముకుని నిలబడ్డ ముందుగది గోడ కూడా ఒక పక్కకి ఒరిగినట్టనిపించి, డ్వైట్ కంగారుగా ఆ గది ఖాళీ చేయించాడు. సోఫా, బీరువా, ఆర్విల్ మంచం వాకిట్లోకి వచ్చాయి. పరుపుని దుమ్ము దులిపి కంచెమీద ఆరేశారు.

ర్యాంపు కోసం తెచ్చిన చెక్కలు వరండాకే చాలవు. చేతులు ఆడక డ్వైట్ పిల్లలందరినీ గుండ్రంగా నిలబెట్టి, చేతులు పట్టుకుని, తలలు వంచి ప్రార్థన చేయించాడు.

సరిగ్గా అప్పుడే జెట్టా తన పాత ట్రక్కులో ఆ దారిన వెళుతోంది. జెట్టా అంటే లోయ మొత్తానికి వార్తాపత్రిక. వాకిట్లో చర్చి వ్యాను, ముందుగది ఖాళీ, ఆర్విల్ పరుపు కంచెమీద, తలలు వంచుకున్న పిల్లలు. మా లోయలో ఎవరైనా పోతే, శవాన్ని ఇంటికి తెచ్చి పడుకోబెట్టడానికి ముందుగది ఇలాగే ఖాళీ చేస్తాం. జెట్టా బండి ఆపి, టోపీ తీసి గుండెకి పెట్టుకుంది.

బృందంలో పెద్దపిల్ల గ్రెటా కళ్ళు తుడుచుకుంటూ ఎదురెళ్ళింది.

"వెర్డీ ఏదమ్మా?" అంది జెట్టా మెల్లగా. పోయాడా అనే మాట ఇక్కడ ఎవరూ మొహం మీద అడగరు.

"ఆస్పత్రికెళ్ళారు మేడమ్, ఆయన్ని ఇంటికి తీసుకురావడానికి. నాలుగింటికి వచ్చేస్తారు. ఇక్కడ చూస్తే ఏమీ సిద్ధంగా లేదు." గ్రెటా మళ్ళీ కళ్ళు తుడుచుకుంది. "ఆవిడకి ఏం మొహం చూపించాలో తెలీట్లేదు."

"ఏడవకు తల్లీ. నువ్వెవరో, ఆయనెవరో, అయినా ఇంత ఇదైపోతున్నావు. లోయలో మేమందరం చచ్చామా?" అని జెట్టా బండి వెనక్కి తిప్పింది. లోయలో సెల్‌ఫోన్ పనిచేయదు. జెట్టా ఉన్నాక ఆ లోటు ఎవరికీ తెలియలేదు.

గంట తిరక్కుండా మొదటి గిన్నె వచ్చింది. కోడికూరలో ఉడికించిన పిండిముద్దలు. వెనకే చిక్కుడుగింజలు, మొక్కజొన్న రొట్టె, పెద్ద పందితొడ, మూడు రకాల కేకులు. వ్యానులో వస్తున్నప్పుడు డ్వైట్ పిల్లలకు రెండు నియమాలు వల్లె వేయించాడు. ఎవరేం పెట్టినా వద్దనకూడదు, ఎవరి సొంత సంగతులూ తవ్వి అడగకూడదు. కాబట్టి పెట్టింది తిన్నారు, ఎందుకు పెడుతున్నారని అడగలేదు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి డ్వైట్ చెయ్యి పట్టుకుని కళ్ళొత్తుకుంటున్నారు.

"బంగారంలాంటి మనిషి," అంది ఒకావిడ.

"నేనింకా ఆయన్ని చూడలేదండీ. సాయంత్రం పరిచయం చేసుకుంటాను," అన్నాడు డ్వైట్.

ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది. తర్వాత పక్కావిడతో, ఒహాయోవాళ్ళ భక్తి వేరు, మనకి అంత రాదు అంది.

పిండిముద్దల రుచికి డ్వైట్ కాసేపు తన కష్టం మర్చిపోయాడు. మింగుతుండగా గడియారం గుర్తొచ్చి గొంతులో అడ్డం పడింది. సగం పొద్దు గడిచింది, వరండా లేదు, ర్యాంపు లేదు, వాకిట్లో జాతర జరుగుతోంది. ఆ ముసలాయన గోడవైపు తిరిగి పడుకున్న సంగతి తలుచుకుంటే డ్వైట్‌కి నిజంగా ఏడుపొచ్చింది.

అప్పుడొచ్చాడు హోబర్ట్. వెనకాల ట్రక్కులో ఆరుగురు మగవాళ్ళు, పారలు, గడ్డపారలు, అడుగున బాగా ఎండిన ఓక్ చెక్కలు. మా లోయలో గొయ్యి మేమే తవ్వుకుంటాం, శవాన్ని ఉంచే పెట్టె కూడా మేమే చేసుకుంటాం. హోబర్ట్ కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. అన్న వాకిట్లో అతను కాలుపెట్టి ఎన్నాళ్ళయిందో లోయలో అందరికీ తెలుసు.

పారలు చూడగానే డ్వైట్‌కి ప్రాణం లేచొచ్చింది. దేవుడు ప్రార్థన ఆలకించాడు, అదీ ఇంత త్వరగా.

"ఎక్కడ తవ్వమంటారు?" అన్నాడు హోబర్ట్, టోపీ చేత్తో పట్టుకుని.

"ఇదిగో, ఇక్కడే. దారం కట్టి ముగ్గు పోసి ఉంచాను."

"గుమ్మం ముందా?" హోబర్ట్ కొండవైపు చూశాడు. "పైన మా అమ్మానాన్నల పక్కన కాదా?"

"అంత పైకి దేనికండీ? ఆయన ఉండేది ఇక్కడ కదా."

మగవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"లోతెంత?"

"రెండడుగులు చాలు."

"రెండడుగులా?"

"మరీ లోతుగా అయితే పైకి తక్కువ వస్తుంది. మొత్తం ఎనిమిది తవ్వాలి."

హోబర్ట్ ముగ్గు వేసిన చోట్లని కళ్ళతో లెక్కపెట్టాడు. తన అన్నని ఎనిమిది చోట్ల ఎందుకు పూడ్చాలో అడుగుదామని నోటిదాకా వచ్చింది. కానీ చావింట్లో వాదన పెట్టుకోకూడదు. డ్వైట్ ఒక స్తంభం తెచ్చి గుంత పెట్టాల్సిన చోట నిలబెట్టి చూపించేసరికి అతనికి కాస్త ఊపిరి ఆడింది.

"స్తంభాలకా? ముందే చెప్పొద్దూ."

"వరండా కూలిపోయింది కదండీ. ఆయన్ని లోపలికి తీసుకెళ్ళడానికి ఏటవాలుగా దారి కట్టాలి. మెట్లమీద మోసుకెళితే ఎక్కడ జారవిడుస్తామో."

ఈ మాట హోబర్ట్‌కి నచ్చింది. శవపేటికని మెట్లమీద మోయడం ఎంత కష్టమో అతనికి తెలుసు. "అయితే ఒకసారి ఎక్కించి, మర్నాడు దించడానికేగా. పైపైన కొట్టేద్దాం."

"అదేం మాటండీ. రోజూ ఎక్కాలి, దిగాలి. కనీసం పదేళ్ళు ఉండాలి."

పిచ్చివాళ్ళతో పెట్టుకోవద్దని వెనకనుంచి ఎవరో హోబర్ట్ చొక్కా లాగారు. అందరూ తవ్వడం మొదలుపెట్టారు. డ్వైట్ సుత్తి తీసుకుని ఒక మేకుని వంకరగా కొట్టాడు. తర్వాత ఇంకొకటి. మూడోది కొట్టబోతుంటే హోబర్ట్ ఇక చూడలేక సుత్తి లాక్కున్నాడు.

"మీరేం పని చేస్తారు?"

"పళ్ళ డాక్టర్ని."

"దేవుడా," అన్నాడు హోబర్ట్. ఆ తర్వాత అక్కడ మేస్త్రీ ఎవరన్నది ఎవరికీ సందేహం లేదు. గ్రెటాకి రంపం ఇచ్చాడు, మిగతా పిల్లలకు కొలతలు చెప్పాడు, డ్వైట్‌కి చీపురిచ్చాడు.

చివర్లో చెక్కలు చాలలేదు. డ్వైట్ కళ్ళు ట్రక్కులోని ఓక్ చెక్కలమీద పడ్డాయి.

"అవి పెట్టెకి," అన్నాడు హోబర్ట్ గట్టిగా.

"పనిముట్ల పెట్టె మాకుందండీ. ఇంత మంచి చెక్క దానికి పాడుచేయడమెందుకు?"

హోబర్ట్ ఆ చెక్కలవంక చూశాడు. తన పెట్టెకోసమని కోయించి ఏళ్ళుగా అటకమీద ఆరబెట్టుకున్నవి, ఇందాక అన్నకోసం దింపాడు. పెట్టె లోపలికి వెళ్ళాలన్నా ముందు దారి ఉండాలి కదా అనుకుని, "తీసుకోండి," అన్నాడు. వాటిని బిగిస్తున్నంతసేపూ అతని కన్నీళ్ళు మేకులమీద పడుతూనే ఉన్నాయి. ఒక్కసారి పిలిచుంటే ఎంత బాగుండేదిరా అన్నయ్యా అని గొణుక్కోవడం గ్రెటా విన్నది. కానీ సొంత సంగతులు అడగకూడదు కనుక మేకులు అందిస్తూ ఊరుకుంది.

నాలుగవడానికి ముందే వరండా లేచింది, ర్యాంపు దిగింది. మగవాళ్ళు చేతులు కడుక్కుని నల్లకోట్లు తొడుక్కున్నారు. మా లోయ చర్చి పాస్టరు బైబిల్ తెరిచి ర్యాంపు పక్కన నిలబడ్డాడు. ఆస్పత్రి బండి మలుపు తిరిగేసరికి దారికి రెండువైపులా జనం టోపీలు తీసి మెల్లగా పాట ఎత్తుకున్నారు. ఒక రోగికి ఇంత స్వాగతం డ్వైట్ జన్మలో చూడలేదు. తనూ టోపీ తీశాడు.

బండి తలుపు తెరుచుకుంది. పూల దుప్పటి కప్పుకుని, చక్రాల కుర్చీలో, ఆర్విల్ కిందికి దిగాడు. పాట ఒక్కో గొంతు దగ్గర ఒక్కోచోట తెగింది. జెట్టా పక్కవాళ్ళ వెనక్కి తప్పుకుంది.

ఆర్విల్ నల్లకోట్లు చూశాడు, బైబిల్ చూశాడు, కేకులు చూశాడు.

"ఎవరు పోయారు?" అన్నాడు.

పాస్టరు అబద్ధమాడలేని మనిషి.

"నువ్వే," అన్నాడు.

ఆర్విల్ కాసేపు ఆలోచించాడు. "ఎప్పుడు?"

వెర్డీ అక్కడే చతికిలబడి నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు జనంలోకి పాకి లోయంతా మోగింది. డ్వైట్‌కి విషయం అర్థం కావడానికి అందరికంటే ఎక్కువ సమయం పట్టింది. అర్థమయ్యాక, తను చేసిన పొరపాట్లన్నిటిలో ఇదొక్కటే సరిగ్గా కుదిరిందని గ్రెటాతో ఒప్పుకున్నాడు.

ఆస్పత్రావిడ మాత్రం నవ్వలేదు. ర్యాంపు ఎక్కింది, దిగింది, మధ్యలో గట్టిగా ఎగిరి తొక్కింది. చిన్న కిర్రుమనే చప్పుడైనా రాలేదు. "కట్టడం బాగానే ఉంది. మరి రోజూ ఈయన్ని కనిపెట్టుకుని ఉండడానికి మనుషులెవరైనా ఉన్నారా?" అని తలెత్తింది. వాకిలి నిండా జనం, గిన్నెలు పట్టుకుని ఆవిడవంకే చూస్తున్నారు. ఆవిడ ఇంకేమీ అడక్కుండా ఒక పళ్ళెం అందుకుంది.

హోబర్ట్ చేతులతో మొహం గట్టిగా తుడుచుకుని, ఎవరూ చెప్పకుండానే కుర్చీ వెనక్కి వెళ్ళి అన్నని పైకి తోయసాగాడు. సగం దూరం వెళ్ళాక ఆర్విల్ ఆపమన్నాడు. వంగి ఓక్ చెక్కని చేత్తో నిమిరాడు.

"ఒరేయ్, ఇంత బాగా కట్టేవాడివి. నేనన్నాళ్ళు ఆస్పత్రిలో పడి ఉంటే, వాగు దాటి ఒక్కసారైనా వచ్చి కట్టకపోయావా?"

"ఎలా వస్తాను?" అన్నాడు హోబర్ట్, మళ్ళీ తోస్తూ. "నువ్వు చావలేదుగా."