పునరావాస వార్డుకు పక్షవాతం

జిల్లా ఆసుపత్రి పునరావాస వార్డుకు సోమవారం ఉదయం ఆరుంబావుకు పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. ఆ పక్క కిటికీ రెక్కలు వేలాడిపోయాయి, ఫ్యాన్లు తిరగలేదు, గోడ తాకితే చచ్చుబడినట్టు చల్లగా తగిలింది. కుడివైపు మాత్రం మామూలుగానే ఉంది.

సూపరింటెండెంటు విశ్వేశ్వరం గారు కమిటీ వేశారు. వార్డు మనిషి కాదు కాబట్టి తమ పరిధిలోకి రాదని డాక్టర్లు రాశారు. పక్షవాతం రోగం కాబట్టి తమ పరిధిలోకి రాదని ఇంజనీర్లు రాశారు. రెండూ సబబుగానే ఉన్నాయని ఆయన ఎడమవైపు పన్నెండు మంచాలనూ రద్దు చేసి, వాటి మీది రోగులను శనివారానికల్లా ఇళ్లకు పంపేయమన్నారు.

ఆ పన్నెండు మందిలో నూకరాజు ఒకడు. తుని దగ్గర లారీ డ్రైవరు. వార్డుకొచ్చిన జబ్బే అతనికి రెండు నెలల ముందు వచ్చింది. కర్ర ఆసరాతో నిలబడడం ఇప్పుడిప్పుడే పట్టుబడుతోంది. ఇంటికి పంపితే మళ్లీ మంచాన పడతాడని ఫిజియోథెరపిస్టు సుగుణమణికి తెలుసు. పద్దెనిమిదేళ్లుగా ఆ వార్డులో రోగులను నడిపిస్తున్నది ఆవిడే. అయినా ఎవరైనా అడిగితేనే మాట్లాడేది. ఈసారి అడక్కుండానే సూపరింటెండెంటు గదిలోకి వెళ్లింది.

"వార్డును నాకు అప్పగించండి సార్. ఎక్సర్‌సైజులు చేయిస్తాను," అంది.

దానికి వార్డు ఇన్‌చార్జి అనుమతి కావాలన్నారాయన. ఆ పోస్టు ఆరేళ్లుగా ఖాళీగా ఉందని ఆవిడ గుర్తుచేసింది. ఫైలు తీయిస్తే నిజమేనని తేలింది. అనుమతి ఇవ్వడానికి ఎవరో ఒకరు ఉండాలి కాబట్టి ఆవిడనే ఇన్‌చార్జిగా వేశారు. సుగుణమణి తనకు తాను అనుమతి ఇచ్చుకుని పనిలో దిగింది.

కిటికీ రెక్కలను పొద్దున పదిసార్లు, సాయంత్రం పదిసార్లు తెరిపించి మూయించింది. నర్సుల చేత గోడలకు కప్పు నుంచి పునాది దాకా మర్దన చేయించింది. గురువారానికి ఒక ఫ్యాను తిరిగింది. శుక్రవారం ఉదయం వార్డు లేవబోయి, సగంలో వణికి కూలబడింది. సుగుణమణి వెంటనే మళ్లీ లేవమంది. గడువు ఇంకొక్క రోజే.

"తొందరపెట్టకండి మేడమ్," అన్నాడు నూకరాజు. "పడిపోతానేమోనని బయ్యమండి దానికి. నాకూ అంతే కదండి. ముందు నేను లేత్తానండి, చూసి నేర్చుకుంటాది."

కర్ర గోడకు ఆనించి లేచాడు. కాళ్లు వణికాయి. పట్టుకోబోయిన సుగుణమణి చేయి వెనక్కి తీసుకుంది. నూకరాజు ఒక అడుగు వేశాడు. ఇరవైనాలుగు మంచాలతో సహా వార్డు లేచి నిలబడి తనూ ఒక అడుగు వేసింది. ఆ తర్వాత ఆగలేదు. మార్చురీ వెనక నుంచి బయల్దేరి, ఆవరణంతా దాటి, మధ్యాహ్నానికల్లా పెద్ద గేటు పక్కన, బస్సు దిగినవాళ్లకు ఎదురుగా వచ్చి నిలబడింది. కిటికీల్లోంచి రోగులు చేతులు ఊపారు. కొందరు రెండు చేతులూ ఊపారు. సుగుణమణి గుమ్మంలో కూర్చుని కరువుతీరా ఏడ్చింది.

శనివారం రద్దు ఉత్తర్వే రద్దయింది. నెల తిరక్కుండా రాష్ట్రంలోని పునరావాస వార్డులన్నిటికీ థెరపిస్టులనే ఇన్‌చార్జులుగా వేస్తూ జీవో వచ్చింది. సుగుణమణికి శాలువా కప్పి, మిగతా భవనాలను కూడా ఒకసారి చూడమన్నారు.

ఆవిడ పరిపాలనా భవనం గోడను చిన్న సుత్తితో తట్టింది, గుండుసూదితో గుచ్చింది. ఏ కదలికా లేదు. "స్పర్శ లేదు, చాలా ఏళ్లుగా" అని రాసి పంపింది. సూపరింటెండెంటు చదవకుండానే సంతకం పెట్టారు. ఆ భవనం ఎప్పుడూ నడిచింది లేదు కాబట్టి, దాన్ని రోగం అనుకోనక్కర్లేదని అందరూ ఒప్పుకున్నారు. సుగుణమణి కూడా తలూపి, తన రోగులు ఎదురుచూస్తున్నారని వెళ్లిపోయింది.